ముందు వరుస ముఖాలు

ఆయనకు కుడి చెవి పూర్తిగా పోయిందనీ, ఎడమ చెవికి సన్నని చప్పుళ్లు అందవనీ ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోదాన్ని నేను. పాటల హాల్లో మైకులూ స్పీకర్లూ చూసుకునే మనిషికి చెవులు సరిగా లేకపోవడం చిన్న సంగతి కాదు. బయటపడితే మరుసటి ఆదివారం నుంచి మిక్సర్ బల్ల ముందు ఇంకొకరు కూర్చుంటారు. దాదాపు ఏడాదిన్నర పాటు ఆ సంగతిని ఇద్దరం కలిసి దాచాం. అది ఎలా దాచామో, ఎలా బయటపడిందో చెబుతాను. అందులో నా వాటా ఎంతో నాకు బాగానే తెలుసు.

హాలంటే పెద్దగా ఊహించుకోవద్దు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట పోయే రోడ్డు మీద, చెప్పుల షాపు పైన, మూడో అంతస్తు. ఒకప్పుడు అది కోచింగ్ సెంటరు. సెంటరు ఇంకా పెద్ద బిల్డింగుకు మారాక, దాని యజమాని ఈ అంతస్తును వదులుకోలేక ఆదివారం సాయంత్రాలు పాటల కచేరీలు పెట్టడం మొదలుపెట్టారు. ఆయనది కృష్ణా జిల్లా. కుర్రప్పుడు వేణువు నేర్చుకుంటూ మధ్యలో వదిలేశారట, ఆ బాకీ ఇలా తీర్చుకుంటున్నారని అందరూ అనేవారు. వేదిక వెనక గోడకు నల్ల పెయింటు రెండు కోట్లు వేయించినా, లైట్లు ఒక కోణంలో పడితే కింద పాత అక్షరాలు కనిపిస్తాయి. 'వంద శాతం ఉద్యోగం గ్యారంటీ'. ఎంతోమంది పాటగాళ్ల తలల వెనక ఆ హామీ నా ఫొటోల్లో ఉంది. వాళ్లలో ఎవరికీ అది వర్తించినట్టు లేదు.

పగలు నేను అక్కడికి నాలుగు సందుల అవతల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చెబుతాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు ఎలా పట్టుకోవాలో నేర్పడం నా ఉద్యోగం. "ఏదైనా తేడాగా అనిపిస్తే వెంటనే చెప్పాలి, నాకెందుకులే అనుకునేవాళ్లు ఈ పనికి పనికిరారు" అని ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి రోజే చెబుతాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ మాట ఇక్కడ రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

సంగీతం మీద ప్రేమతో నేను ఆ హాలుకు వెళ్లలేదు. ఎస్.ఆర్. నగర్‌లో నేనుండే ఫ్లాటులో ఆదివారం సాయంత్రం ఐదింటికి గోడలు మీదికొస్తున్నట్టుండేది. చేతిలో ఒక పాత కెమెరా ఉంది. ఫొటోలు తీసి హాలు ఫేస్‌బుక్ పేజీలో పెట్టుకోవడానికి ఇస్తే టికెట్టు అక్కర్లేదన్నారు యజమాని. సరేనన్నాను. పాట బాగుందో లేదో నన్నడిగితే చెప్పలేను. స్కూల్లో ప్రార్థన పాడే గుంపులో ఉన్నప్పుడు టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు పెదవులు కదిపితే చాలమ్మా" అంది. ఆవిడ మంచిగానే చెప్పింది. ఆ రోజు నుంచి నాకు చెవి లేదని నేను ఖాయం చేసుకున్నాను. కళ్లు మాత్రం ఉన్నాయి కదా అని కెమెరా పట్టుకున్నాను.

ఆ హాల్లో ఒక నియమం ఉంది. ఫొటోలు మొదటి మూడు పాటలకే, ఫ్లాష్ వెలగకూడదు. పెద్ద పెద్ద కచేరీల్లో ఇలాగే ఉంటుందని యజమాని ఎక్కడో విని వచ్చి, నూట ఇరవై కుర్చీల హాలుకూ అదే పెట్టారు. ఫొటోలు తీసేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ నియమం నా ఒక్కదాని కోసమే పుట్టినట్టు. మూడు పాటలయ్యాక నేను వెనక్కి వచ్చి, మిక్సర్ బల్ల పక్కన గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. అలా ఆయనతో పరిచయం.

అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి. బల్కంపేటలో ఇల్లు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న టార్చి. కిటికీలకు సమానమైన ఎత్తులో మెట్రో పట్టాలుంటాయి. రైలు వచ్చే ముందే ఆయన పాటగాడి మైకు కాస్త పెంచేవాడు, రైలు వెళ్లిపోయాక తగ్గించేవాడు. ఎలా తెలుస్తుందని అడిగితే కింద నేల చూపించాడు. "కాళ్లకు తెలుస్తది మేడం" అన్నాడు. అప్పుడది గొప్ప అనుభవం అనుకున్నాను. అసలు సంగతి తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం ఆయన కుడి పక్కన నిలబడి, "అన్నా, టీ తాగుతారా?" అని మూడుసార్లు అడిగాను. పలకలేదు. టీకి పలకని మనిషి అమీర్‌పేటలో ఉండడు. ఎడమ పక్కకు వెళ్లి అడిగితే వెంటనే లేచాడు. మెట్ల మీద టీ తాగుతూ నేను ఏమీ అడగకుండానే ఆయనే చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు సనత్‌నగర్‌లో రేకులు కొట్టే ప్రెస్సు దగ్గర పన్నెండేళ్లు పనిచేశాడు. మిషను ఎప్పుడూ కుడి పక్కనే. ఆ పని మానేశాక బల్కంపేటలో సౌండ్ బాక్సులు పెట్టుకుని బోనాలకూ పెళ్లిళ్లకూ ఇచ్చాడు. ఆ తర్వాత ఈ హాలు.

"సన్న చప్పుడు అసలే ఇనవడ్తలేదు. దొడ్డు చప్పుడు ఛాతీకి తెలుస్తది" అన్నాడు.

"చెవికి మిషను పెట్టుకోవచ్చుగా అన్నా."

"పెట్టుకుంటె అందరికి కనవడ్తది గద మేడం." గ్లాసు పక్కన పెట్టి, "బాక్సులు మోసేటోన్ని ఎవ్వడు గుర్తువట్టడు. గీ బల్ల కాడ కూసుంటేనే మనిషిలెక్క అనిపిస్తది. ఎవ్వరికి చెప్పకుండ్రి" అన్నాడు.

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా.

చెవుల్లేకుండా ఆయన పని ఎలా నడిచేదంటే, నా కెమెరా వల్ల. మొదట్లో ఆయన వేదిక మీది ఫొటోలు చూడటానికే వంగి చూస్తున్నాడనుకున్నాను. కాదు. ఒకసారి పాటగాడి వెనక నుంచి తీసిన ఫొటోలో ముందు వరుస ప్రేక్షకులు పడ్డారు. దాన్ని పెద్దది చేసి చూపించమన్నాడు.

"గీయన ఎనకకు ఒరిగిండు చూడుండ్రి. సౌండ్ ఎక్కువైంది. గీ అమ్మ ముందలికి ఒంగి మొహం చిట్లించింది, మాటలు సాఫ్ ఇనవడ్తలేవు." బల్ల మీద రెండు మీటలు జరిపాడు. మూడో ఆయన్ని చూసి నవ్వాడు. "గాయన ఫోన్ చూస్తుండు. దానికి నేనేం చెయ్యాలె? అది పాటగాని ఫికర్."

అప్పటి నుంచి మొదటి మూడు పాటల్లో నేను సగం ఫొటోలు వేదిక వైపు, సగం జనం వైపు తీసేదాన్ని. మూడో పాట అయ్యాక వెనక్కి వచ్చి కెమెరా ఆయన ముందు పెట్టేదాన్ని. ఆయన ముఖాలు చదివి మీటలు జరిపేవాడు. నూటికి తొంభైసార్లు సరిపోయేది. ఈ హాల్లో సౌండ్ భలే ఉంటుందని వచ్చినవాళ్లు అనేవారు, యజమాని తన గొప్పలా తల ఊపేవారు. ఇదంతా నేను జాలితో చేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నా ఫొటోలు హాలు పేజీలో పెడితే చుట్టపుచూపుగా చూసేవాళ్లే తప్ప ఎవరికీ వాటి అవసరం లేదు. ఆయనకు మాత్రం అవసరం. నాకు అది నచ్చింది, అంతే.

ఇక ఆ ఆదివారం.

పాడేది ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి. తన పాటలు తనే రాసుకుని, తనే బాణీ కట్టుకుంది. వేదిక ఎక్కడం అదే మొదటిసారి. చుట్టాలు గోదావరి వైపు నుంచి పొద్దున్నే రైలు దిగి, ముందు రెండు వరుసలూ నింపేశారు. అమ్మ, నాన్న, బాబాయిలు, పిన్నులు, మధ్యలో ఏసీకి సరిగ్గా ఎదురుగా అమ్మమ్మ. పెళ్లికి వచ్చినట్టు పట్టుచీర కట్టుకుని నిటారుగా కూర్చుంది.

అమ్మాయికి భయం. మైకు కర్ర పట్టుకోకుండా పైన జల్లెడ తలను గుప్పిట్లో బిగించింది. అలా పట్టుకుంటే స్పీకరు చప్పుడు మళ్లీ మైకులోకి వచ్చి ఈల పుడుతుందని నాకు తర్వాత చెప్పారు. రెండో పాటలో ఆ ఈల మొదలైంది. కుక్కరు విజిల్ వేసే ముందు సన్నగా ఒక చప్పుడు వస్తుంది చూడండి, అలాంటిది. నాకు వినపడింది. స్పష్టంగా వినపడింది. ఇది పాటలో భాగమేనేమో, కొత్త రకం బాణీ కాబోలు, మనకేం తెలుసులే అనుకున్నాను. పెదవులు కదిపితే చాలన్న టీచరమ్మ నా లోపల ఇంకా అలాగే ఉంది.

మూడో పాట అవగానే వెనక్కి వచ్చాను.

"ఎట్లున్నది?" అన్నాడాయన.

నా చెవికి వినపడింది చెప్పలేదు. కెమెరా పెట్టాను. ముందు వరుస మొత్తం నవ్వుతోంది. బాబాయిలు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు. వాళ్లమ్మ కళ్లలో నీళ్లు. అంత బాగున్న ముందు వరుసను నేను అంతకు ముందెప్పుడూ తీయలేదు. ఒక్క అమ్మమ్మ మాత్రం పైట కొంగు తల మీదుగా తీసి, రెండు చెవుల మీదా గట్టిగా అదిమి పట్టుకుని ఉంది. ఆవిడా నవ్వుతూనే ఉంది.

ఆయన వేలు ఆవిడ దగ్గర ఆగింది. "గీ అవ్వేంది, చెవులు మూసుకున్నది?"

"ఏసీకి ఎదురుగా కూర్చుంది కదన్నా, చలికి కప్పుకుంది. మా వైపు పెద్దవాళ్లంతా అంతే, ఏసీ అంటే చెవుల్లో దూది పెట్టుకుంటారు" అన్నాను. అనడమే కాదు, నవ్వాను కూడా.

ఆయనా నవ్వాడు. "మస్తు ఖుషీగున్నరు అందరు. జర పెంచుతా. అవ్వకు కొంగు మీదికెళ్లి సుత ఇనవడాలె గద."

పెంచాడు. నాలుగో పాట పల్లవిలోనే ఆ సన్నని ఈల పెద్ద కేక అయిపోయింది. హాలంతా ఒక్కసారిగా చెవులు మూసుకుంది. బాబాయిల ఫోన్లు కిందికి దిగాయి. అమ్మాయి పాట ఆపేసి, అది తన గొంతులోంచే వచ్చిందనుకుందో ఏమో, మైకు కింద పెట్టి "సారీ" అంది. ఎవరికి చెప్పిందో తెలియదు. జనం ముఖాలు చూశాక గానీ బల్ల దగ్గరాయనకు ఏదో జరిగిందని తెలియలేదు. ఏ మీట తగ్గించాలో ఆయన చేతులు వెతుక్కుంటున్నాయి. ఈలోగా యజమాని పరుగున వచ్చి అన్నీ ఒకేసారి కిందికి లాగేశారు.

అమ్మాయి వేదిక దిగబోయింది. అప్పుడు అమ్మమ్మ లేచి, "మైకు వద్దులేవే. మనింట్లో పాడినట్టు ఊరికే పాడు" అంది.

అమ్మాయి కాసేపు నిలబడి, తర్వాత పాడింది. మైకు లేకుండా, చేతులు రెండూ దుపట్టాలో చుట్టుకుని, చివరి దాకా పాడింది. కిటికీ పక్కనుంచి మెట్రో వెళ్లినప్పుడు ఆగి, వెళ్లిపోయాక అందుకుంది. ఆయన బల్ల ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి నా వైపు తిరిగాడు.

"పాడుతున్నదా?"

"పాడుతోంది."

"మంచిగున్నదా?"

అలవాటు కొద్దీ ముందు వరుస వైపు చూశాను. ఏసీ ఇందాకటిలాగే వీస్తోంది. అమ్మమ్మ కొంగు భుజం మీదికి దిగి ఉంది. చెవులు రెండూ తెరిచి ఉన్నాయి. ఆవిడకు అసలు చలే వేయలేదు. ఆయనకు ఏం జవాబు చెప్పానో గుర్తులేదు.

కచేరీ అయ్యాక మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి పట్టుకుని దించుతూ, "ఈల ముందు నుంచీ వినపడుతోందా అమ్మమ్మగారూ?" అని అడిగాను. "చెవులు చిల్లులు పడ్డాయమ్మా" అంది. "పిల్ల మొదటిసారి పాడుతుంటే బాగాలేదని మొహం పెడతామా? అందరం నవ్వుతూ కూర్చోమని నేనే చెప్పాను." ఊరి నుంచి రైలెక్కి వచ్చిన చుట్టాలు ముఖాలు చిట్లించరన్న సంగతి నాకు తెలియనిది కాదు. నేనూ అలాంటి చుట్టాల్లోంచి వచ్చినదాన్నే.

పైకి వెళ్లేసరికి యజమాని బల్ల దగ్గర ఉన్నారు. గొంతు పెంచలేదు. "ఏంటండీ ఇది, మీకు వినపడలేదా?" అని అడిగారు. కుడి పక్కనుంచి అడిగారు. ఆయన పలకలేదు. యజమాని మళ్లీ అడిగారు, ఈసారి కాస్త వంగి, ఆయన ముఖం చూస్తూ. ఆయన, యజమాని పెదవుల కదలికను బట్టి అర్థం చేసుకుని, "ధ్యాస తప్పింది సార్" అన్నాడు. యజమాని ఆయన్నీ, ఆయన చెవినీ మార్చి మార్చి చూశారు. నేను అక్కడే కెమెరా పట్టీ చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాను. ఆయన నా వైపు చూడలేదు. నేను నోరు విప్పలేదు.

మరుసటి ఆదివారం నుంచి రావక్కర్లేదని ఆ వారమే చెప్పేశారట.

బుధవారం క్లాసయ్యాక యజమాని దగ్గరకు వెళ్లాను. తప్పు నాదేననీ, ముందు వరుస ఫొటోలు ఆయనకు చూపిస్తూ వచ్చింది నేనేననీ, ఈల నాకు వినపడిందనీ, ఏసీ అని చెప్పింది నేనేననీ చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. "మీరు మంచివారమ్మా, కాదనను. కానీ సౌండ్ మనిషికి ఇంకొకరు ఫొటో తీసి చూపిస్తే గానీ తెలియకపోతే ఎలా చెప్పండి" అన్నారు. ఆయన మాటలో తప్పేమీ కనిపించలేదు. తప్పులు పట్టడం నా వృత్తి అయినా సరే.

అక్కడి నుంచి బల్కంపేట వెళ్లాను. ఎల్లమ్మ గుడి వెనక రెండు సందులు దాటితే ఆయన ఇల్లు. ముందు గదిలో పాత స్పీకర్ బాక్సులు, వాటి మీద ఉతికిన దుప్పట్లు కప్పి ఉన్నాయి. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి టీ తెచ్చింది. నేను చూసుకుని ఆయన ఎడమ పక్కకు జరిగి కూర్చున్నాను.

"చలికి కప్పుకుందని నేనే అన్నాను కదన్నా. తప్పు నాది" అన్నాను.

"ముఖాలు సూసి పని జేసుడు నాది. మీదేమున్నది మేడం" అన్నాడు. నా మీద ఆయనకు కోపం ఉన్నట్టే లేదు. అక్కడితో టీ తాగి వచ్చేసి ఉంటే నాకు హాయిగా ఉండేది. కానీ మిగిలింది కూడా చెప్పాను.

"అది కాదన్నా. ఈల నాకు వినపడింది. రెండో పాట నుంచే వినపడింది. నాకేం తెలుసులే అని చెప్పలేదు."

ఆయన చేతిలో టీ గ్లాసును అటూ ఇటూ తిప్పాడు. వినపడలేదేమోనని మళ్లీ చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"ఇన్నవా?" అన్నాడు. "ఇని సుత గా కెమెరా తెచ్చి నా ముందల వెట్టినవా?"

తల ఊపాను.

"చెవులు పోయినయని నేను ముఖాలు సూసిన చెల్లె. నీకేమైంది?"

ఆయన నన్ను చెల్లె అనడం అదే మొదటిసారి. కోపంగా కూడా అనలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. టీ చల్లారిపోయింది, అలాగే తాగేసి వచ్చాను.

ఆ బల్ల ఆయనకు మళ్లీ రాలేదు. అల్లుడితో కలిసి బాక్సులు అద్దెకిస్తున్నాడు. బాక్సులు మోసేవాణ్ని ఎవరూ గుర్తుపట్టరని ఆయన అన్నమాట నిజమే. మొన్న బోనాలప్పుడు జనంలో స్పీకరు పక్కన ఆయన నిలబడి ఉంటే, దాటి పోయాక గానీ నేనే గుర్తుపట్టలేదు. వెనక్కి వెళ్లి ఎడమ పక్కన నిలబడి పలకరించాను. బాగానే మాట్లాడాడు. హాలు సంగతి ఆయన అడగలేదు, నేను ఎత్తలేదు.

హాలుకు ఇంకా వెళ్తున్నాను. కొత్తగా వచ్చినతను బల్ల ముందు కూర్చోకుండా, చేతిలో ట్యాబ్ పట్టుకుని హాలంతా తిరుగుతూ సౌండ్ సరిచేస్తాడు. పని వచ్చినవాడే. మూడు పాటలయ్యాక నేను కెమెరాను సంచీలో పెట్టేసి జిప్ కూడా వేసేస్తాను. పోయిన ఆదివారం అలా గోడకు ఆనుకుని ఉంటే, కీబోర్డు కింద పాట మాటలు మునిగిపోతున్నట్టు అనిపించింది. ముందు వరుస వైపు చూడబోయి మానుకున్నాను. కాసేపు కళ్లు మూసుకుని విన్నాను. తర్వాత వెళ్లి అతనికి చెప్పాను.

"కీబోర్డు ఎక్కువైందా?" అతను నన్నోసారి, నా భుజానికున్న కెమెరా సంచీనోసారి చూశాడు. "మేడం, మీకు మ్యూజిక్ వచ్చా?"

"రాదు" అన్నాను. "వినపడుతుంది."

అతను ఏమనుకున్నాడో గానీ, ట్యాబ్ మీద వేలు పెట్టి కొంచెం తగ్గించాడు.